స్మార్ట్ మీటరు ఉన్నా గ్యాస్ బిల్లు అంచనా మీదే వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న (రెడింగ్, ఇంగ్లండ్):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 2021లో కరెంటుకూ గ్యాసుకూ స్మార్ట్ మీటర్లు (రీడింగును తామే కంపెనీకి పంపేవి) పెట్టారు. ఏడు నెలల క్రితం కంపెనీ మారినప్పటి నుంచి వంటగదిలోని చిన్న డిస్‌ప్లేలో కరెంటు వాడకం మాత్రమే కనిపిస్తోంది. గ్యాస్ దగ్గర గీతలు తప్ప అంకె రావడం లేదు. కంపెనీకి ఆరుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ డిస్‌ప్లేను ఆపి మళ్ళీ పెట్టమంటున్నారు, ఇరవై నాలుగు గంటలు ఆగమంటున్నారు, అంతటితో సరి. ఈలోగా నెలనెలా డైరెక్ట్ డెబిట్ (మా బ్యాంకు ఖాతా నుంచి వారే తీసుకునే మొత్తం) పెంచుతూనే ఉన్నారు. ఇంట్లో పసిపాప ఉన్నందువల్ల హీటింగ్ ఆపలేము, వేసిన ప్రతిసారీ బిల్లు ఎంతవుతుందోనని భయపడుతున్నాము. మీటరే తప్పుగా తిరుగుతోందా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (లీడ్స్):

అమ్మా, ముందుగా మీటరు వేరు, డిస్‌ప్లే వేరు అన్న సంగతి చెబుతాను. డిస్‌ప్లే మూగబోయినా మీటరు తన లెక్క తాను వేసుకుంటూనే ఉంటుంది. పాడయ్యేది చాలావరకు కొలత కాదు, కబురు అందడం. కరెంటు మీటరు పైన, రీడింగులను కంపెనీకి చేరవేసే కమ్యూనికేషన్ హబ్ అనే చిన్న పెట్టె ఉంటుంది. గ్యాస్ మీటరు బ్యాటరీతో నడుస్తుంది కనుక ఎప్పుడూ నిద్రలో ఉండి, అరగంటకొకసారి లేచి తన అంకెను ఆ హబ్‌కు పంపి మళ్ళీ నిద్రపోతుంది. మధ్యలో మందపాటి ఇటుక గోడలు అడ్డం వచ్చినా, గ్యాస్ మీటరు బయట దూరంగా ఉన్నా ఆ కబురు హబ్ దాకా చేరదు. మీ విషయంలో కంపెనీ మారిన రోజు నుంచే ఆగిపోయింది కనుక, కొత్త కంపెనీ కరెంటు మీటరును తన వ్యవస్థలో చేర్చుకుని గ్యాస్ మీటరును సరిగా చేర్చుకోలేదేమోనని నా అనుమానం. అదే నిజమైతే డిస్‌ప్లేను వందసార్లు ఆపి పెట్టినా ఫలితం ఉండదు, వాళ్ళ వైపు నుంచే సరిచేయాలి.

ఈ రోజే బిల్లు తీసి, గ్యాస్ రీడింగు పక్కన అంచనా అని రాసి ఉందో, అసలు రీడింగు అని ఉందో చూడండి. ఇంగ్లీషు బిల్లుల్లో చాలాచోట్ల అంచనాకు ‘ఇ’ (E), అసలుకు ‘ఎ’ (A) అన్న అక్షరాలు వేస్తారు. తరువాత గ్యాస్ మీటరు దగ్గరకు వెళ్ళి, బటన్ నొక్కితే వెలిగే తెరను ఫొటో తీయండి. మీటరు మీది సీరియల్ నంబరు కూడా ఆ ఫొటోలో పడాలి, అది బిల్లులోని నంబరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. ఇది చాదస్తంగా అనిపించవచ్చు కానీ, మేము మునుపు ఉన్న ఫ్లాట్ల భవనంలో మీటర్లన్నీ మెట్ల కింద ఒకే గదిలో ఉండేవి. టార్చిలైటు వేసి చూస్తే, మా బిల్లులో ఉన్న నంబరు పై అంతస్తువారి మీటరుది. పద్నాలుగు నెలలు వారి వాడకానికి మేము డబ్బు కట్టాము.

మరొకరు (గ్లాస్గో):

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. హబ్ మీద వరుసగా చిన్న దీపాలు ఉంటాయి. అన్నీ బాగున్నప్పుడు అవి సుమారు ఐదు సెకన్లకొకసారి మినుకుమంటాయి. ‘వాన్’ (WAN) అని రాసి ఉన్నది వెలగకపోతే బయటి నెట్‌వర్కుతో సంబంధం తెగినట్టు, ‘గ్యాస్’ అన్నది వెలగకపోతే గ్యాస్ మీటరుతో తెగినట్టు భావించవచ్చు. ఆ దీపాలను అర నిమిషం వీడియో తీసి కంపెనీకి పంపితే, ఫోన్‌లో ఎవరూ మిమ్మల్ని మళ్ళీ డిస్‌ప్లే దగ్గరకు పంపలేరు. గోడలే కారణమని తేలితే, మరో తరంగదైర్ఘ్యంలో కూడా పనిచేసే కొత్త రకం హబ్ ఉంది, దాని గురించి అడగండి. ఉచితంగా సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ వారి వెబ్‌సైటులో చిరునామా ఇస్తే మీ మీటరు స్మార్ట్ పద్ధతిలో పనిచేస్తోందో లేదో చెబుతుంది, అదీ చూడండి.

అడిగినవారు:

మీ ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. సీరియల్ నంబరు సరిపోయింది. హబ్‌లో గ్యాస్ దీపం మాత్రం వెలగడం లేదు. బిల్లులో గ్యాస్ రీడింగు 4,310 ఘనపు మీటర్లని అంచనా వేశారు, మీటరు మీద ఉన్నది 3,962.

సమాధానం (లీడ్స్):

అంటే 348 ఘనపు మీటర్లు అదనంగా రాశారు. ఒక ఘనపు మీటరు సుమారు 11.2 యూనిట్లు కనుక అది 3,900 యూనిట్ల దాకా వస్తుంది. యూనిట్ 6 పెన్సు చొప్పున వేసినా 230 పౌండ్లకు పైనే. ఇది మీ డబ్బు, మొహమాటపడకండి. ఆ ఫొటోతో రీడింగు ఇచ్చి, బిల్లు తిరగరాయమనీ, డైరెక్ట్ డెబిట్ తగ్గించమనీ ఈమెయిల్ చేయండి. అందులో ఇది ఫిర్యాదు అని స్పష్టంగా రాయండి, ఎందుకంటే ఆ మాట లేకపోతే మామూలు ప్రశ్నగా పక్కన పెట్టేస్తారు. ఎనిమిది వారాల్లో తేల్చకపోతే ఇలాంటి తగాదాలు తీర్చే స్వతంత్ర సంస్థ ఎనర్జీ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళవచ్చు, మీకు పైసా ఖర్చు ఉండదు, వారి తీర్పును మీరు అంగీకరిస్తే కంపెనీ కట్టుబడి తీరాలి.

ఇంకొక్క మాట. ఇదే తప్పు తలకిందులై, అంచనా తక్కువగా వేసి రెండేళ్ళ తరువాత ఒక్కసారి పెద్ద బిల్లు పంపేవారూ ఉన్నారు. తప్పు కంపెనీదైతే, పన్నెండు నెలలకు మించిన పాత వాడకానికి ఇప్పుడు కొత్తగా డబ్బు అడగకూడదని ఇక్కడి ఇంధన కంపెనీల నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ నిబంధన ఉంది. అయితే మీరు రీడింగు తీయనివ్వలేదన్న మాట పడకూడదు. అందుకని ఇది సరయ్యేదాకా ప్రతి నెలా ఒకటో తేదీన రెండు మీటర్లనూ ఫొటో తీసి, రీడింగులు మీరే పంపుతూ ఉండండి.

అడిగినవారు:

ఫొటో, వీడియో జతచేసి ఈ సాయంత్రమే ఫిర్యాదు పంపాను. వారి జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.