సగం లాగిన బాణం సగం దూరమైనా ఎందుకు పోదు?

ప్రశ్న (రాజోలు)

అందరికీ నమస్కారం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి బ్రౌజర్‌లో ఆడే ఒక విలువిద్య ఆటను ఇష్టంగా ఆడుతోంది. మౌస్‌తో అల్లెతాడును వెనక్కి లాగి వదిలితే, బాణం గురుత్వాకర్షణకు లోబడి వంపు తిరుగుతూ వెళ్లి లక్ష్యానికి గుచ్చుకుంటుంది. నిండుగా లాగినప్పుడు తెర చివరిదాకా వెళ్లే బాణం, అదే కోణంలో సగం లాగితే పావు దూరంలోనే నేలకు దిగిపోతోంది. గాలి వీచే లెవెల్స్‌లో ఎత్తుగా వేసిన బాణం మరీ పక్కకు కొట్టుకుపోతోంది. పైగా మా ఇంటి కంప్యూటర్‌లో తగిలే గురి, మా తమ్ముడి కొత్త ఫోన్‌లో తగలడం లేదు. ఇది ఆటలోని లోపమా, నిజమైన వింటికీ ఇదే తీరా? పిల్ల అడిగినప్పుడు సరైన కారణం చెప్పాలని నా కోరిక.

సమాధానం (అమలాపురం, ఇంటర్ భౌతికశాస్త్రం బోధిస్తాను)

మొదటిది లోపం కాదండి, ఆట చేసినవారు భౌతికశాస్త్రాన్ని నిజాయితీగా పాటించారనడానికి గుర్తు. వింటిని వంచినప్పుడు అందులో నిలవయ్యే శక్తి, లాగిన పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ శక్తి బాణానికి గతిశక్తిగా, అంటే కదలిక వల్ల ఉండే శక్తిగా మారుతుంది. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, లాగుడు సగమైతే వేగమూ సగమే అవుతుంది. ఇక ప్రక్షేపకం (విసిరిన వస్తువు) వ్యాప్తి, అంటే అది వెళ్లి పడే దూరం సూత్రంలో వేగం మళ్లీ వర్గంగానే వస్తుంది కాబట్టి దూరం పావుకు పడిపోతుంది. సగం దూరం కావాలంటే నిండు లాగుడులో సుమారు 71 శాతం, ముప్పావు దూరం కావాలంటే సుమారు 87 శాతం లాగాలి. ఈ రెండు అంకెలనూ అమ్మాయి చేతనే ఆటలో పరీక్షింపజేయండి. విల్లు నేలకు కొంత ఎత్తున ఉండడం వల్ల స్వల్పమైన తేడా వస్తే, అది ఎందుకు వచ్చిందో కూడా తానే ఆలోచిస్తుంది.

గాలి సంగతికి వస్తే, ఒకే వేగంతో 30 డిగ్రీల కోణంలో వేసినా 60 డిగ్రీలలో వేసినా గాలి లేనప్పుడు బాణం ఒకే చోట పడుతుంది. కానీ 60 డిగ్రీల బాణం సుమారు 1.73 రెట్లు ఎక్కువ సేపు గాలిలో ఉంటుంది. ఆటలో గాలిని స్థిరమైన త్వరణంగా పెట్టి ఉంటే, అది నెట్టే దూరం కాలం వర్గాన్ని బట్టి పెరిగి 3 రెట్లవుతుంది.

సమాధానం (భీమవరం, వెబ్ ప్రోగ్రామింగ్ చేస్తాను)

ఫోన్‌లో తేడాకు రెండు కారణాలు ఉండవచ్చు. లాగుడును తెర వెడల్పుతో పోల్చకుండా పిక్సెళ్లలో (తెర మీది చిన్న చుక్కల లెక్కలో) కొలిచే ఆటల్లో, చిన్న తెర మీద వేలు అంచుకు చేరినా లాగుడు నిండదు. మొదట ఇదే చూడండి. రెండోది, సాధారణ తెర సెకనుకు 60 సార్లు బొమ్మను మారుస్తుంది, కొత్త ఫోన్లలో చాలావాటి తెరలు 120 సార్లు మారుస్తాయి. వేగాన్నీ గురుత్వాకర్షణనూ రెండింటినీ బొమ్మ లెక్కనే, అంటే మారే ప్రతి బొమ్మకూ ఇంత అని కలిపితే బాణం రెట్టింపు చురుగ్గా కదులుతుంది తప్ప దారి మారదు. ఒకదాన్ని బొమ్మ లెక్కన, మరొకదాన్ని గడిచిన కాలం లెక్కన కలిపితే మాత్రం దారే మారిపోతుంది. ఇది ఆట రాసినవారు సరిదిద్దవలసిన విషయం, ఆడేవారి చేతిలో లేదు.

సమాధానం (తణుకు, విలువిద్య నేర్చుకుంటున్నాను)

మాస్టారు చెప్పిన 71, 87 శాతాలు కారణాన్ని అర్థం చేసుకోవడానికి చక్కగా పనికొస్తాయి. అయితే మైదానంలో మేము సగం లాగడమనేది ఉండదండి. ఒలింపిక్ పోటీల్లో లక్ష్యం 70 మీటర్ల దూరంలో, 122 సెంటీమీటర్ల వ్యాసంతో ఉంటుంది. అందులో 10 పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లే. అంత చిన్న చోట గుచ్చాలంటే బాణం వేగం ప్రతిసారీ ఒకటే ఉండాలి. అందుకే విల్లుకు క్లిక్కర్ అనే పలుచని రేకు ఉంటుంది. బాణపు మొన దాని కిందనుంచి వెనక్కి జారగానే రేకు టక్కుమంటుంది, ఆ క్షణంలోనే వదులుతాము. దూరం మారితే వింటికుండే సైట్‌ను (గురి చూసే అమరికను) జరిపి కోణాన్ని మార్చుకుంటాము, లాగుడును మార్చము.

అమ్మాయిని కూడా ఆటలో ఎప్పుడూ నిండుగా లాగి, కోణంతోనే గురి సరిచేసుకోమనండి. మరొకటి: లాగుడు నిండిన తర్వాత కూడా మౌస్‌ను ఇంకా వెనక్కి జరపనిచ్చే ఆటల్లో, అలా దూరంగా జరిపితే కోణాన్ని కొద్దికొద్దిగా మార్చుకోవచ్చు. 100 పిక్సెళ్ల దూరంలో ఒక్క పిక్సెల్ కదిపితే అర డిగ్రీకి పైగా మారే కోణం, 300 పిక్సెళ్ల దూరంలో 0.2 డిగ్రీ కూడా మారదు. అమ్మాయికి ఆసక్తి నిలిస్తే నిజమైన వింటిని పట్టించండి. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 3 స్వర్ణాలు గెలిచిన జ్యోతి సురేఖ మన విజయవాడ అమ్మాయే కదా.

ప్రశ్న (రాజోలు)

అందరికీ కృతజ్ఞతలు. నిండుగా లాగుతుంటే గురి కుదురుతోందని అమ్మాయి అంటోంది. కొన్ని లెవెల్స్‌లో ముందు ఎత్తైన గోడ అడ్డుంటుంది. అక్కడ ఏం చేయాలి?

సమాధానం (అమలాపురం)

ఇందాకటి 30, 60 డిగ్రీల జత లాగే, గోడ లేకపోతే ఏ కోణం సరిపోతుందో దాన్ని 90 నుంచి తీసివేయండి. 25 డిగ్రీలకు బదులు 65 అన్నమాట. లాగుడు నిండుగానే ఉంచాలి. గాలి కూడా ఉంటే, ఇందాక చెప్పినట్టు ఎత్తు బాణం ఎక్కువగా కొట్టుకుపోతుంది. ఎదురుగాలికి 65 నుంచి ఒకటి రెండు డిగ్రీలు తగ్గించి, వెనుకగాలికి పెంచి చూడమనండి.