రేడియేషన్‌లో 5 సిట్టింగులు పోతే 56 రోజుల్లోపు ఎలా ముగించాలి?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు 25 సిట్టింగుల్లో 45 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) ఎక్స్‌టర్నల్, అంటే బయటి నుంచి ఇచ్చే రేడియేషన్; వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు; ఆపై 7 గ్రే చొప్పున 4 బ్రాకీలు, అంటే లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్. ఇదీ ప్లాను. 14వ సిట్టింగు తర్వాత మెషీన్ చెడి 5 సిట్టింగులు పోయాయనుకోండి. మొత్తం చికిత్స 56 రోజులు దాటితే మిగిలిన క్యాన్సర్ కణాలు వేగంగా పెరిగి, రోజుకు సుమారు 0.5 నుంచి 1 శాతం కంట్రోల్ (క్యాన్సర్ అదుపులో ఉండే అవకాశం) తగ్గుతుందంటారు.

శనివారాలు వాడుకోవచ్చు. కనీసం 6 గంటల ఎడంతో రోజుకు రెండు సిట్టింగులూ ఇవ్వొచ్చు, కానీ సిస్‌ప్లాటిన్ నడుస్తుండగా పేగులకు భారం (ఆ విరేచనాలతోనే మళ్లీ గ్యాప్ వస్తుంది!). అందుకే ఎక్స్‌టర్నల్ చివరి వారాల్లోనే బ్రాకీ మొదలుపెడితే మేలనిపిస్తోంది. బ్రాకీ రోజున ఎక్స్‌టర్నల్ ఆపాలి సరే, గడ్డ అప్పటికి తగినంత తగ్గకపోతే అప్లికేటర్ (బ్రాకీ కోసం లోపల పెట్టే పరికరం) సరిగా కూర్చోదు.

ఇలా చేసినవారు ఎన్నో సిట్టింగు తర్వాత మొదటి బ్రాకీ ఇచ్చారు? గడ్డ తగ్గుదలను ఎమ్మారైతో చూశారా, చేతి పరీక్షతోనే సరిపెట్టారా?