అప్‌డేట్: పాత వ్యాన్ మొరాయింపుకు కారణం దొరికింది

వేడెక్కాక ఆపితే నా పాత పెట్రోల్ వ్యాన్ మళ్లీ స్టార్ట్ కావడం లేదని, సెల్ఫ్ బాగానే తిరుగుతోందని, అరగంట ఆగితే ఏమీ జరగనట్టు అందుకుంటోందని అడిగాను కదా. దొంగ దొరికాడు.

చాలామంది ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్‌కు కావాల్సిన హై వోల్టేజ్ ఇచ్చేది) మార్చమన్నారు. మార్చాను, డబ్బు దండగ. మొన్న మళ్లీ మొండికేసినప్పుడు చల్లారకముందే బానెట్ ఎత్తాను. ప్లగ్గుల దగ్గర స్పార్క్ లేదు. కాయిల్ ప్లస్ దగ్గర 12 వోల్టులు ఉన్నాయి. మైనస్ దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే, మినుకు మినుకుమనాల్సింది నిలకడగా వెలుగుతోంది. అంటే కరెంటు వస్తోంది, దాన్ని తెంచి కలిపే సిగ్నలే లేదు. ఇక అనుమానం ఆ తెంచి కలిపే పని చేసే ఇగ్నిషన్ మాడ్యూల్ మీద, లేదంటే డిస్ట్రిబ్యూటర్‌లో (స్పార్క్‌ను ఒక్కో ప్లగ్గుకు పంచే భాగం) ఉండి, ఎప్పుడు తెంచాలో మాడ్యూల్‌కు చెప్పే పికప్ కాయిల్ మీద.

చల్లగా ఉన్నప్పుడు పికప్ రెసిస్టెన్స్ సరిగ్గానే చూపించింది. అక్కడే మోసపోయేవాణ్ణి. మీటర్ తీయకుండా వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పుతో స్పార్క్ టైమింగ్‌ను ముందుకు జరిపేది) గొట్టాన్ని నోటితో పీల్చాను (రుచి గురించి అడక్కండి). డిస్ట్రిబ్యూటర్ లోపల పికప్ ఉన్న ప్లేట్ కదలగానే రీడింగ్ మాయం! పికప్ వైరుకు పైన ఇన్సులేషన్ చక్కగా ఉంది, లోపల తీగ తెగి ఉంది. చల్లారితే తాకుతోంది, వేడెక్కితే విడిపోతోంది.

పికప్ మార్చి పది రోజులైంది. ఒక్కసారీ మొరాయించలేదు. పాత ఇగ్నిషన్ కాయిల్ స్పేర్‌గా సీటు కింద పడుంది.