అడ్డంగా పడుకున్న జ్ఞానదంతం ఎవరి చేత తీయించుకోవాలి? నేను సన్నాయి వాయిస్తాను

సన్నాయి_సఖినేటిపల్లి:

అందరికీ నమస్కారమండి. మాది సఖినేటిపల్లి, నాకు 29 ఏళ్ళు. పెళ్ళిళ్ళకీ గుళ్ళో సేవకీ సన్నాయి వాయిస్తాను. కుడివైపు కింది జ్ఞానదంతం వాచడం ఇది మూడోసారి. మొన్న మాఘంలో ఒక పెళ్ళిలో సరిగ్గా జీలకర్రబెల్లం వేళకి నోట్లో రెండు వేళ్ళు పట్టేంత కూడా దవడ తెరుచుకోలేదు. పక్కనున్న చిన్నాన్న అందుకుని గట్టెక్కించాడు.

పంటు (రేవు దాటించే పడవ) మీద గోదావరి దాటి నరసాపురం వెళ్తే ఓపీజీ ఎక్స్‌రే తీశారు, అంటే దవడలు, పళ్ళు అన్నీ ఒకే బొమ్మలో వచ్చేది. పన్ను అడ్డంగా పడుకుని ముందు పన్నుని తన్నుతోంది. వేర్లు దవడ నరం మీదికి వచ్చినట్టు కనపడుతున్నాయన్నారు.

మా ఇంటిల్లిపాదికీ పదిహేనేళ్ళుగా పళ్ళు చూస్తున్న డాక్టరుగారు తనే తీస్తానంటున్నారు. చాలా నెమ్మదైన చెయ్యి ఆయనది. కావాలంటే రాజమండ్రి నుంచి ఆదివారాలు వాళ్ళ క్లినిక్కి వచ్చే సర్జన్ చేత తీయిస్తానన్నారు. భీమవరం విష్ణు డెంటల్ కాలేజీకి వెళ్ళమని మా బావ పోరు. నాన్నగారేమో "తెలిసిన చెయ్యి వదులుకుని తెలియని చేతికి ఎందుకురా" అంటున్నారు.

నా భయం నొప్పి గురించి కాదండి. ఆ నరం దెబ్బతిని పెదవి మొద్దుబారితే పీక (సన్నాయికి ఊదే చోట పెట్టేది) పెదాల మధ్య ఎక్కడుందో నాకు తెలియదు. వెంట్రుకవాసి నొక్కు తేడా వస్తే స్వరం పక్కకి పోతుంది. ఎనిమిదో ఏట నుంచి నాన్నగారు నేర్పిందంతా ఆ పెదవి మీదే ఉంది. ఎవరి చేత తీయించుకోమంటారు?

పాలకొల్లు_కాలవగట్టు:

తమ్ముడూ, నాకు జరిగింది చెబుతాను. రెండేళ్ళ కిందట ఎడమవైపుది తీయించుకున్నాను. ఎక్స్‌రేలో నరం ఎక్కడుందో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. మత్తు దిగాక కూడా కింది పెదవిలో సగం, గడ్డం మొద్దుగానే ఉండిపోయాయి. టీ పెదవి మీంచి కారి చొక్కా మీద పడితే చూసి తెలుసుకోవడమే. గడ్డం గీసుకుంటూ తెగినా తెలిసేది కాదు. నాలుగు నెలలకి చీమలు పాకినట్టు మొదలై మెల్లగా స్పర్శ వచ్చింది. నాది ఎరువుల కొట్టు కాబట్టి గడిచిపోయింది. నీది పెదవి మీద బతుకు. నువ్వు ముందే అడుగుతున్నావు, మంచి పని చేశావు.

కోనసీమ_పళ్ళడాక్టరు:

నేను బీడీఎస్‌నండి, పద్నాలుగేళ్ళుగా ప్రాక్టీసు. జ్ఞానదంతాలు నేనూ తీస్తాను. నిటారుగా ఉండి చిగురు దాటి కనిపించేవి, వేర్లు నరానికి ఎడంగా ఉన్నవి నా కుర్చీలోనే అయిపోతాయి. మీరు చెప్పినలాంటిది మాత్రం నేను పంపించేస్తాను. బీడీఎస్ తర్వాత మూడేళ్ళు ఓరల్ సర్జరీలోనే ఎండీఎస్ చేసినవారికి ఎముక కోయడం, పన్నుని ముక్కలు చేసి తీయడం రోజూ ఉండే పని. ఇందులో మీ డాక్టరుగారిని తక్కువ చేయడం ఏమీ లేదు.

ఓపీజీని ఇంకోసారి చూపించి మూడు సంగతులు అడగండి. దవడ ఎముకలో నరం పోయే కాలవని దాటే చోట వేరు నల్లబడిందా? కాలవ అంచున తెల్లగీత తెగిందా? కాలవ అక్కడ సన్నబడిందా, వంపు తిరిగిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సీబీసీటీ (దవడని త్రీడీలో చూపించే) స్కాన్ తీయించుకోండి. ఓపీజీ చదునైన బొమ్మ. నరం వేరుకి లోపలివైపుందా, బయటివైపుందా, వేర్ల మధ్య నుంచి పోతోందా అన్నది స్కాన్‌లోనే తెలుస్తుంది. మరీ అంటుకుని ఉంటే పైభాగం కోసి తీసేసి వేర్లు అలాగే వదిలేసే పద్ధతి కూడా ఉంది. అది మీకు పనికొస్తుందా అని సర్జన్ని అడగండి.

ఇంకొకటి. నాలుక నరం ఈ ఎక్స్‌రేల్లో కనపడదు. దాన్ని కాపాడేది కోసేవాళ్ళ చెయ్యే. ఈ రెండు నరాలూ స్పర్శకి సంబంధించినవి. దెబ్బతిన్నా పెదవి, నాలుక కదులుతాయి, తెలియడమే ఉండదు. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తిరిగొస్తుంది, కొద్దిమందికి రాదు. అందుకని సర్జన్‌కి మొదటి మాటగా మీరు సన్నాయి వాయిస్తారని చెప్పండి.

వాచి ఉన్నప్పుడు తీయించుకోవద్దు, మందులతో వాపు దిగనివ్వండి. ఈలోగా జ్వరం వచ్చినా, దవడ కింద వాచినా, మింగడం కష్టమైనా ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. తీశాక సన్నాయి ఊదితే గాయంలో గడ్డకట్టిన రక్తం ఊడిపోవచ్చు, గాలి చిగురు కిందికి దూరి చెంప ఉబ్బొచ్చు. నెల్లాళ్ళయినా పక్కన పెట్టి, సర్జన్ సరేనన్నాకే పీక పట్టండి.

రాజోలు_అమ్మాయి:

అన్నయ్యగారూ, తీసేది ఎవరన్నదే కాదు, మూడో రోజు రాత్రి చూసేది ఎవరన్నది కూడా అడగండి. మా ఆయనకి ఆదివారం సర్జన్ తీశారు, శుభ్రంగా తీశారు. బుధవారం రాత్రి చెవి దాకా నొప్పి. సర్జన్ వాళ్ళ ఊళ్ళో ఉన్నారు, ఫోను కలవలేదు. తెల్లారాక ఇంకో డాక్టరుగారు గాయం కడిగి మందు పెడితే గంటలో తెరిపినిచ్చింది. రక్తం గడ్డ ఊడి ఎముక బయటపడిందన్నారు. మీరు ఏటికి ఇవతల ఉన్నారు. రాత్రి పంటు ఉండదు, వరదలో పగలూ ఉండదు. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి. ఆ లెక్క వేసుకుని రోజు ఎంచుకోండి.

సన్నాయి_సఖినేటిపల్లి:

అందరికీ దండాలండి. స్కాన్ తీయించాను. నరం వేరుకి లోపలివైపు ఆనుకునే ఉంది. ఆ బొమ్మ చూడగానే మా డాక్టరుగారే "ఇది నేను చెయ్యకూడదు" అనేశారు. ఆ మాటతో నాన్నగారూ సరేనన్నారు.

ఆదివారం వచ్చే సర్జన్‌తో అరగంట మాట్లాడాను. ఇలాంటివి వారానికి ఎన్ని తీస్తారు, వేర్లు వదిలేసే పద్ధతి చేశారా, మొద్దుబారితే తర్వాత ఏం చేస్తారు అని కాగితం మీద రాసుకుని అడిగాను. ఒక్కదానికీ విసుక్కోలేదు. సన్నాయి తెచ్చి చూపించమన్నారు. పీక ఎక్కడ ఆనుతుందో అద్దం పెట్టి చూశారు. ఆయన చేతే తీయించుకుంటున్నాను. తర్వాత గాయం చూడటం, కుట్లు తీయడం మా డాక్టరుగారు. ఆయన ఇల్లు క్లినిక్ మీదే, రాత్రి వచ్చినా తలుపు తీస్తానన్నారు.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి మొదటి ఆదివారమే పెట్టుకున్నాం, ఏరు పొంగకముందే. నాలుగు రోజులు నరసాపురంలో మా అత్తగారింట్లోనే ఉంటాను. ఆ నెల్లాళ్ళూ గుళ్ళో పొద్దుటి సేవకి నాన్నగారు వాయిస్తారు.