1408వ గదిలోంచి మైక్ బయటికి వచ్చాడా, లేదా?

గంటస్తంభం (విజయనగరం):
పోయిన ఆదివారం మా పెద్దమ్మ కొడుకుతో మొదలైన వాదన ఇంకా తెగలేదు. ‘1408’ సినిమా చివర్లో మైక్ చనిపోతాడని నేను, బతికి భార్యను చేరతాడని అతను. ఇద్దరం కళ్లారా చూసిందే చెబుతున్నాం. తీరా ఆరా తీస్తే మా ఇద్దరి దగ్గరున్నవీ వేర్వేరు ప్రతులు!

చూడనివారి కోసం నాలుగు ముక్కలు. స్టీఫెన్ కింగ్ కథ ఆధారంగా మికేల్ హాఫ్‌స్ట్రోమ్ 2007లో తీసిన సినిమా ఇది. మైక్ ఎన్‌స్లిన్ (జాన్ క్యూసాక్) దయ్యాలున్నాయని పేరుపడ్డ చోట్ల రాత్రుళ్లు గడిపి పుస్తకాలు రాస్తుంటాడు, దయ్యాలను మాత్రం నమ్మడు. కూతురు కేటీ జబ్బుతో పోయాక భార్య లిలీని వదిలి వచ్చేశాడు. న్యూయార్క్‌లోని డాల్ఫిన్ హోటల్లో 1408వ గది కావాలని పట్టుబడతాడు. అందులో 56 మంది పోయారనీ, గంటకు మించి ఎవరూ నిలవలేదనీ మేనేజరు ఓలిన్ (శామ్యూల్ ఎల్. జాక్సన్) మొత్తుకున్నా వినడు. ఆఖరికి గదికే నిప్పు పెడతాడు.

థియేటర్లలో ఆడిన ప్రతిలో మైక్‌ను కాపాడతారు. దర్శకుడి ప్రతిలో మంటల్లో పోతాడు. నా ఉద్దేశంలో రెండోదే అసలు ముగింపు. మొదట తీసింది అదే. ముందుగా వేసి చూపించిన ప్రదర్శనల్లో జనానికి మరీ విషాదంగా తోచిందని మార్చారు. పైగా ఓలిన్ ఇచ్చిన మద్యం సీసా మీద పేరు చూడండి, ఫ్రెంచిలో ‘57 చావులు’ అని ఉంటుంది. 56 మంది ముందే పోయారు. 57వ మనిషి ఆ సీసాతోనే నిప్పంటించి, తనతోపాటు గదినీ తీసుకుపోయాడు. లెక్క సరిపోయింది కదా. బతికించడం అంటే ఆ లెక్కను చెరిపేయడమే.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
లెక్క సరిపోయింది, కథే సరిపోలేదు. మైక్ చేతిలో చిన్న టేపు రికార్డరు ఉంటుంది, గుర్తుందా? గదిలో జరిగినవన్నీ అందులోకి చెప్పుకుంటూ ఉంటాడు. అతను బతికిన ముగింపులో లిలీ సామాన్లు సర్దుతుంటే, కాలిన వస్తువుల్లోంచి ఆ రికార్డరు తీసి నొక్కుతాడు. మొదట అతని గొంతు, ఆ వెనకే, గదిలో అతనికి కనిపించి మాట్లాడిన కేటీ గొంతు. లిలీ చేతిలో పెట్టె జారి కింద పడుతుంది. మైక్ ఏమీ అనడు, ఆమెను అలా చూస్తూ ఉంటాడు.

మరి మీ ముగింపులో? అంత్యక్రియల దగ్గర ఓలిన్ ఆ రికార్డరున్న పెట్టె ఇవ్వబోతే లిలీ వద్దంటుంది. అతను కారులో ఒంటరిగా కూర్చుని టేపు వింటాడు. కన్నకూతురి గొంతు ఒక హోటల్ మేనేజరు చెవిన పడింది, తల్లి చెవిన పడలేదు. నాకిది చావుకంటే అన్యాయంగా అనిపిస్తుంది.

బొబ్బిలి వీణ:
మీరిద్దరూ పోస్టాఫీసు ఘట్టాన్ని మరిచిపోతున్నారు. సినిమా మధ్యలో మైక్ సముద్రపు ఒడ్డున కళ్లు తెరుస్తాడు. గది అంతా కల అనుకుంటాడు. లిలీ వస్తుంది, మనసులు కలుస్తాయి, పుస్తకం కూడా రాసేస్తాడు. దాన్ని పంపుదామని పోస్టాఫీసుకు వెళితే అక్కడ పనివాళ్లు గోడలు పగలగొడతారు, గోడ వెనక మళ్లీ అదే గది. ఒకసారి ఇంత నమ్మకంగా మోసం చేసిన గది రెండోసారి చేయదని ఎవరు చెప్పగలరు? గంట పూర్తయ్యాక, గదిలో వెనక్కి లెక్కపెట్టే గడియారం మళ్లీ 60 నిమిషాల దగ్గర మొదలవుతుంది కూడా. బతికిన ముగింపు రెండోసారి వేసిన వల అని నా నమ్మకం. అక్కడా లిలీయే, ఇక్కడా లిలీయే!

పుస్తకం రాతప్రతి ప్రచురణకర్తకు చేరే మరో ముగింపు కూడా ఉంది. దానివల్ల ఈ చర్చలో తేలేదేమీ లేదు.

నాగావళి గట్టు:
వీణ గారూ, మీది గట్టి వాదనే, రెండు రోజులు ఆలోచించాను. ఒడ్డున కనిపించిన లిలీ అతన్ని ఓదారుస్తుంది. చివరి లిలీ ఓదార్చదు, తనే నిలువునా వణికిపోతుంది. మైక్‌కు కావలసిందేదో గదికి తెలుసు కాబట్టి ఓదార్పును సృష్టించగలదు. పక్కమనిషి గుండెలో పుట్టిన దిగ్భ్రమను సృష్టించి దానికి ఒరిగేదేముంది? అది చూపించినవన్నీ మనిషిని ఉరితాడువైపు నడిపించేవే. ఇద్దరు కలిసి ఒక గొంతు వినడం అటువైపు నడిపించదు.

దీపాల మాస్టారు (నరసన్నపేట):
నా అనుభవం ఒకటి చెప్పాలి. మా తాతగారి ఇంట్లో దక్షిణపు గది ఒకటి కొన్నాళ్లు మూసి ఉండేది. మా నాయనమ్మ ధనిష్ఠా పంచకంలో పోయింది. అలాంటి నక్షత్రాల్లో పోతే మన వైపు గదినో ఇంటినో కొన్ని నెలలు మూయడం మీ అందరికీ తెలిసిందే. గుమ్మానికి ముళ్లకంప అడ్డం పెట్టారు. పిల్లలం ఆ వైపు వెళ్లడానికి హడలిపోయేవాళ్లం. గడువు తీరిన రోజు తాతగారు తాళంచెవి పట్టుకుని ఒక్కరే లేచారు. మా పెద్దత్త చేయి పట్టుకుని ఆపేసింది. “అందరూ రానీ నాన్నా, అందరం ఉన్నప్పుడు తీద్దాం” అంది. తలుపు తీశాక లోపల కనిపించింది ఏమిటనుకున్నారు? దండెం మీద నాయనమ్మ చీర, మడత విప్పకుండా. అందరూ ఒక్కసారి ఏడ్చారు. ఆ తర్వాతే పుణ్యాహవచనం.

మైక్ ఒక్కడే వెళ్లి తలుపు తీశాడు. అతని తప్పు దయ్యాలను నమ్మకపోవడం కాదని నాకనిపిస్తుంది. ఆ బిడ్డ కోసం భార్యతో కలిసి ఏడవకుండా పారిపోయాడు.

ఇంకొక మాట. కింగ్ అసలు కథలోనూ మైక్ చావడు. తన చొక్కాకే నిప్పంటించుకుని బయటపడతాడు. కానీ ఆ తర్వాత దీపాలు ఆర్పి నిద్రపోలేడు, ఇంట్లో ఫోను ఉంచుకోలేడు, సూర్యాస్తమయపు రంగు చూడలేడు, రాయలేడు. బతికినంత మాత్రాన సుఖాంతం అయిపోదు బాబూ. జనం కోసం తీపి పూశారని ఆ ముగింపును తీసిపారేయకండి.

గంటస్తంభం:
మాస్టారూ, మీ పెద్దత్తగారి మాట చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. లిలీ విషయంలో నా ముగింపు కఠినమైనదే, ఒప్పుకుంటున్నాను. అయినా నా పక్షం వదలను. దర్శకుడి ప్రతిలో ఆఖరి దృశ్యం మళ్లీ చూడండి. కాలి బూడిదైన గదిలో మైక్ ఆత్మ సిగరెట్టు కాలుస్తూ నిలబడి ఉంటుంది. బయటినుంచి కేటీ పిలుస్తుంది. అతను పిలుపు వైపు నడిచి మాయమవుతాడు. తండ్రి బిడ్డ దగ్గరికి వెళ్లాడు. దానికి మించిన ముక్తి ఏముంది? లిలీకి గొంతు దక్కలేదు, నిజమే. మైక్‌కు బిడ్డే దక్కింది.

నాగావళి గట్టు:
తండ్రికి బిడ్డ దక్కింది, సరే. వెనక మిగిలిన మనిషి సంగతి నాకు బాగా తెలుసు గంటస్తంభం గారూ, అందుకే ఇంత పట్టుదల.

మా నాన్నగారు పోయి రెండేళ్లు. పోవడానికి నాలుగు రోజుల ముందు నా ఫోనుకు పంపిన మాట ఒకటి నా దగ్గర ఉంది, మొత్తం పదకొండు సెకన్లు. “ట్యాంకు నిండిపోయి నీళ్లు పోతున్నాయి, మోటారు కట్టమని అమ్మతో చెప్పు.” అంతే. వెనకాల నీళ్లు నేల మీద పడుతున్న చప్పుడు. రాత్రిపూట మేడ మీదికి వెళ్లి చెవికి ఆనించుకుని వినేవాణ్ని. అమ్మ వింటే తట్టుకోలేదని నాకు నేనే నిర్ణయించేసుకున్నాను.

ఈ సినిమా చూసిన మర్నాడు అమ్మ అరుగు మీద చాటలో బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని ఆ మాట వినిపించాను. చాట కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. లేచి లోపలికి వెళ్లి, ఆగి ఉన్న మోటారు స్విచ్చి మీద చేయి వేసి చూసి వచ్చింది. “ఇంకోసారి పెట్టు” అంది.