సమస్య: "నావ నేల నెక్కి నడచి గెలిచె"

మోడరేటర్: ఈ వారం సమస్య పైన ఉంది. కడలి దాటి దండెత్తినవాళ్ల చరిత్రలోంచే పూరించాలి. పాత యుద్ధమైనా, కొత్త యుద్ధమైనా సరే. గడువు ఆదివారం రాత్రి.

నల్లకుంట:
గొలుసు దాటలేక కొయ్యదుంగలు వేసి
కొవ్వు పూసి లాగఁ గొండ మీఁద
తెల్లవారుసరికి తీర మావల దిగి
నావ నేల నెక్కి నడచి గెలిచె

1453 ఏప్రిల్, కాన్‌స్టాంటినోపుల్. నగరపు రేవైన స్వర్ణశృంగం (గోల్డెన్ హార్న్) మూతికి గొలుసు కట్టి ఉంది. నగరాన్ని ముట్టడించిన ఒట్టోమన్ సుల్తాను రెండవ మెహ్మద్, రేవు అవతలి గలాటా వెనక గుట్ట మీదుగా డెబ్బై దాకా ఓడలు లాగించాడు.

సైనిక్‌పురి: రెండో పాదం అద్భుతం. మూడోదే తిరకాసు. ఆవల దిగిపోయాక మళ్లీ నేల నెక్కడమేమిటి? "తెల్లవారు లోనె తీర మావలి కేగ" అనండి, క్రమం నిలుస్తుంది. ఇంకొకటి: ఓడలు లోపలికి దిగగానే నగరం పడలేదు, మే 29 దాకా పట్టింది. రేవు వైపు గోడకూ కాపలా పెట్టాల్సి వచ్చి లోపలివాళ్లు పలచబడ్డారు. నావ గెలిపించిన తీరు అదీ.

నల్లకుంట: సవరణ శిరోధార్యం.

మల్కాజిగిరి:
పోటు తక్కువైన పగడాల దిబ్బపై
పడవ లెల్ల నిలిచి పట్టుబడఁగ
గొలుసుచక్రములను గొన్న, తరావలో,
నావ నేల నెక్కి నడచి గెలిచె

1943 నవంబరు 20, పసిఫిక్‌లోని తరావా దీవి మీద అమెరికన్ల దాడి. సైనికులను ఒడ్డుకు చేర్చే, ముందు తలుపున్న హిగ్గిన్స్ పడవ కదలాలంటే నాలుగడుగుల నీళ్లుండాలి. దిబ్బ మీద అంత లేవు. పడవలు దిబ్బ అంచునే ఆగాయి. సైనికులు మరతుపాకుల ఎదుట వందల గజాలు నీళ్లలో నడవాల్సి వచ్చింది. దిబ్బ ఎక్కి దాటినవి గొలుసుచక్రాల ఉభయచర బండ్లే, అవీ 125 మాత్రమే.

నల్లకుంట: మొదటి పాదంలోనే పో–ప! అన్నగారూ, ఇంత అనుభవం ఉండీ? "పాటు తక్కువైన" అంటే సరిపోయేది.

మల్కాజిగిరి: యతి తప్పింది, ఒప్పుకుంటాను. పాటు (నీరు వెనక్కి తీయడం) మాత్రం పెట్టను. అక్కడ జరిగింది పాటు కాదు, బహుళ అష్టమి నాటి నీరసపు పోటు. పైగా అప్పుడు చంద్రుడు భూమికి దూరంగా ఉన్నాడు. "పోటు చాలకున్న పొడవైన దిబ్బపై" అని మారుస్తున్నాను. పోటు సంగతి వచ్చింది కనుక అడుగుతున్నా: పోయిన నెల మీ సీజరు పద్యంలో ఓడలన్నిటినీ గాలే ముంచిందన్నారు. క్రీ.పూ. 55లో బ్రిటన్ తీరాన ఒడ్డుకు లాగిన యుద్ధనౌకలను నింపింది పౌర్ణమి పోటు. ఆ తీరంలో పౌర్ణమికి నీరెంత లేస్తుందో రోమన్లకు తెలియదు. గాలి విరగ్గొట్టింది లంగరు వేసిన రవాణా ఓడలను.

నల్లకుంట: ఆ పద్యంలో పోటు మాట లేకపోవడం లోపమే. కానీ సీజరు నేర్చుకున్నాడు. మరుసటేడు ఓడలను తక్కువ ఎత్తుతో, ఎక్కువ వెడల్పుతో కట్టించాడు, సరుకు ఎక్కించడానికీ ఒడ్డుకు లాగడానికీ. తుఫానుకు మళ్లీ 40 పోయాయి. అప్పుడు పది రోజులు పగలూ రాత్రీ పనిచేయించి మిగిలినవన్నీ ఒడ్డుకెక్కించాడు. ఇక మీ సవరణలో పగడం జారిపోయింది, అది బాధ.

బర్కత్‌పుర: పగడం రెండో పాదంలోకి రావచ్చు: "పగడ మంటి పడవ పట్టుబడఁగ". ఇక నా పూరణ:
గాలిదిండు తోడఁ గడలి దాటుచు వచ్చి
బురద పఱ్ఱ మీఁదఁ బోయి పోయి
టాంకు నొకటి మోసి టక్కున దించుచు
నావ నేల నెక్కి నడచి గెలిచె

అమెరికా నౌకాదళపు హోవర్‌క్రాఫ్ట్. మామూలుగా మోసే బరువు 60 టన్నులు, అవసరమైతే 75.

మల్కాజిగిరి: "పగడ మంటి" పాదం నాకు దొరకనందుకు బాధగా ఉంది. తీసుకుంటున్నానమ్మా.

సైనిక్‌పురి: అమ్మా, యతులన్నీ కుదిరాయి. "టాంకు–టక్కున" పట్టు గట్టిది. అయితే హోవర్‌క్రాఫ్ట్ నేలను తాకదు, గాలి మీద తేలిపోతుంది. సమస్యలో "నడచి" ఉంది కదా! నిజంగా నడిచింది తరావా బండే. నీటికీ నేలకూ మధ్య ఆ కొద్ది దూరమే ప్రాణాలు తీస్తుంది. 1971 యుద్ధంలో బంగ్లాదేశ్ తీరాన కాక్స్ బజార్ దగ్గర మన ఓడలు ఇసుకమేట మీద ఆగాయి, మేటకూ ఒడ్డుకూ మధ్య లోతు. ఓడ ముందు తలుపు తెరిచేముందు ముందున్న లోతు కొలవకపోతే అంతే. 960లో క్రీటు దీవి మీదికి వెళ్లిన బైజాంటైన్లు ఓడలోంచి ఒడ్డుకు వాలుబల్ల దించారు. రౌతు కవచంతో, గుర్రం మీదే దిగాడు. హిగ్గిన్స్ పడవ తలుపుకు అది తాత. దాని మీద ఇంకా ఎవరూ పూరించలేదు.

మోడరేటర్: మల్కాజిగిరి గారి పద్యం రెండు సవరణలతో ముందుంది. క్రీటు వాలుబల్లకు ఇంకా రెండు రోజులు గడువుంది.