సమస్యాపూరణం: తప్పు లెక్క చూడ నొప్పు లెక్క

నిర్వాహకుడు

మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య, అంటే మిగతా మూడు పాదాలూ మీరు రాసి పూరించాల్సిన ఆటవెలది నాలుగో పాదం:

తప్పు లెక్క చూడ నొప్పు లెక్క

ఐదూ సూర్యగణాలే. యతి స్థానంలో తప్పు – ఒప్పు ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం. ఈసారి ఒక నియమం ఉంది. పూరణ ఇంగ్లీషు మాట ‘మిస్‌కౌంట్’ (తప్పుగా లెక్కపెట్టడం) చుట్టూ తిరగాలి. దాని పుట్టుక కావచ్చు, అర్థం కావచ్చు, చరిత్రలో నిజంగా జరిగిన లెక్క పొరపాటు కావచ్చు. ‘అంతా మాయ, దేవుడి లెక్క వేరు’ అంటూ సమస్యను దాటేసే పూరణలు వద్దు. పద్యం కింద వివరణ తప్పకుండా రాయండి.

గోదారిగట్టు

కథను చెప్ప నెంచఁ గలదొక్క మాటయే
ఫ్రెంచి వారి నోటఁ బెరిగెనద్ది
లెక్క తప్పెనేని లెస్సయౌఁ గథ కదా
తప్పు లెక్క చూడ నొప్పు లెక్క

‘మిస్‌కౌంట్’ ఇంగ్లీషులోకి 14వ శతాబ్దం చివర వచ్చింది. పాత ఫ్రెంచి ‘మెస్కోంతెర్’ దానికి మూలం. అందులోని ‘కోంతెర్’ లాటిన్ ‘కొంపుతారె’ నుంచి దిగింది. కంప్యూటరు కూడా ఆ ఇంటి బిడ్డే. పాత ఫ్రెంచిలో ‘కోంతెర్’ అంటే లెక్కపెట్టడమూ, కథ చెప్పడమూ. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వరస తప్పకుండా చెప్పుకుపోవడమే కదా! తర్వాతి కాలంలో లాటిన్ మూలాన్ని గుర్తుచేసేలా లెక్క మాటకు రాతలో ‘ప’కారం చేర్చారు. కథ మాటను ఉన్నట్టే ఉంచారు. రాత విడిపోయింది గాని పలుకు ఇప్పటికీ ఒకటే.

ఇంగ్లీషు సొంత మాట ‘టెల్’ కూడా అంతే. ఇప్పుడు ‘చెప్పు’ అనే అర్థమే మనకు తెలుసు. కాని పాత ఇంగ్లీషులో అది ‘లెక్కపెట్టు’ కూడా. బ్యాంకులో డబ్బు లెక్కపెట్టే మనిషి ‘టెల్లర్’ అయింది అందుకే. ‘అన్‌టోల్డ్’ సంపద అంటే చెప్పని సంపద కాదు, లెక్కకు అందని సంపద. ‘రీకౌంట్’ అయితే ఈ రోజుకీ రెండు బరువులూ మోస్తోంది: జరిగింది వివరంగా చెప్పడం, ఓట్లు మళ్లీ లెక్కించడం.

అందుకే నా మూడో పాదం. లెక్క సరిపోయిన రోజు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. తప్పిన రోజే కథ.

ఓరుగల్లు పాఠకురాలు

అన్నా, చాలా బాగుంది. ఇది పరాయి భాషల ముచ్చటే అనుకోకండి. సంస్కృతంలో ‘ఖ్యా’ ధాతువుకు చెప్పడం అని అర్థం. ‘ఆ’ చేరిస్తే ఆఖ్యానం, అంటే కథ. ‘సం’ చేరిస్తే సంఖ్య, అంటే లెక్క. ఎక్కడి ఫ్రెంచి, ఎక్కడి సంస్కృతం! ఇన్నేళ్లుగా రెండు మాటలనూ వాడుతున్నాను, అవి అక్కచెల్లెళ్లని ఈ పూట దాకా తట్టలేదు.

తెలుగు ‘ఎన్ను’ను కూడా కలపండి. తప్పులెన్నడంలోనూ, ఓట్లతో మనిషిని ఎన్నుకోవడంలోనూ ఉన్నది లెక్కపెట్టడమే. ఓట్ల లెక్కింపు ‘ఎన్నిక’ అనే మాట లోపలే ఉంది.

నిర్వాహకుడు

గోదారిగట్టు గారూ, భావం నిండుగా ఉంది. యతులు నాలుగు పాదాల్లోనూ సరిపోయాయి. ఒక్కచోటే చిక్కు. ‘చెప్ప నెంచఁ గలదు’ అన్నప్పుడు మీ ఉద్దేశం ‘చెప్పడానికి, ఎంచడానికి ఒకే మాట ఉంది’ అని. చదివేవాడికి మాత్రం ‘ఎంచగలదు’, అంటే లెక్కపెట్టగలదు అని ముందుగా వినబడుతుంది. మొదటి పాదంలోనే పాఠకుడు తడబడితే మూడో పాదం దాకా ఆ తడబాటు పోదు. సవరించి మళ్లీ పంపండి.

లంకవాసి

నాలుగేళ్లకొక్క నాడు చేర్చుమనిన
మొదటి యేడు కలిపి మూటఁ జేర్చి
రోము యాజకులును రూఢిగాఁ బలికిరే
తప్పు లెక్క చూడ నొప్పు లెక్క

జూలియస్ సీజర్ పంచాంగం క్రీ.పూ. 45లో మొదలైంది. నాలుగేళ్లకు ఒకసారి ఒక రోజు కలపాలన్నది నియమం. రోమన్లకు లెక్కలో మొదటిదాన్నీ చివరిదాన్నీ కలుపుకోవడం అలవాటు. రోజు కలిపిన ఏడాదినే ఒకటిగా మొదలుపెడితే నాలుగు అనేసరికి గడిచేది మూడేళ్లే. అలా 36 ఏళ్లలో 9 రోజులు కలపాల్సింది 12 కలిపారు. ఎక్కువైన మూడింటిని సరిచేయడానికి తర్వాతి చక్రవర్తి అగస్టస్ కొన్నేళ్లపాటు అధిక దినాన్ని ఆపించాల్సి వచ్చింది.

దీన్ని పూర్తిగా తప్పు అనడానికి నాకు మనసొప్పదు. వాళ్ల పద్ధతిలో వాళ్లు సరిగ్గానే లెక్కపెట్టారు. మనం కూడా పురుడు మూడో రోజు, పదకొండో రోజు అన్నప్పుడు మొదటి రోజును కలుపుకునే కదా లెక్కిస్తాం!

నిర్వాహకుడు

సమస్యను యాజకుల నోట పెట్టడం ఈ పూరణకు ప్రాణం. విరోధం దానంతటదే విడిపోయింది. ‘యాజకులును’లో ‘ను’ మాత్రం గణం కోసం వచ్చింది. ఇంకెవరూ పలకలేదు కనుక ‘యాజకులు కూడా’ అనే అర్థం ఇక్కడ అక్కర్లేదు. ‘రోము యాజకాళి రూఢిగాఁ బలికెనే’ అంటే సరిపోతుంది.

లంకవాసి

స్వీకరించాను. సమూహమనే అర్థమున్న ‘ఆళి’ తట్టలేదు. ధన్యవాదాలు.

డాలస్ తెలుగు

భూమి చిన్నదనుచుఁ బొరపాటుగా నెంచి
నావ నడపి చేరె నవ్యభూమి
కొలత సరిగ నున్నఁ గోరి యెవ్వఁడు పోవుఁ
దప్పు లెక్క చూడ నొప్పు లెక్క

కొలంబస్ సంగతి. భూమి మీద ఒక్కో డిగ్రీకి 56⅔ మైళ్లని ఖగోళ శాస్త్రవేత్త అల్ ఫర్గానీ రాసిన లెక్కను పట్టుకున్నాడు. అవి అరబ్బు మైళ్లు. అతను వాటిని అంతకంటే పొట్టివైన ఇటలీ మైళ్లుగా తీసుకున్నాడు. దాంతో అతని లెక్కలో భూమి దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. 1492లో ఆ ధైర్యంతోనే బయలుదేరాడు.

ఓరుగల్లు పాఠకురాలు

పద్యం నడక బాగుంది, కాని ‘ఒప్పు’ ఎవరికి అని అడగాలి. ఆ దీవుల్లో అప్పటికే జనం ఉన్నారు. ఓడలు వచ్చాక వాళ్ల బతుకు ఏమైందో మనకు తెలుసు. వాళ్లకు అది ‘నవ్యభూమి’ కూడా కాదు, తాతల నాటి నేల. ఈ ఒక్క మాటను మార్చితేనే నాకు పద్యం మింగుడు పడుతుంది.

డాలస్ తెలుగు

నిజమే అక్కా. బడిలో చదువుకున్న మాట ఆలోచించకుండా కలంలోకి వచ్చేసింది. ‘నావ నడపి చేరె నరుల నేల’ అని మారుస్తున్నాను. ‘ఒప్పు’ నావ ఎక్కినవాడి దృష్టి అని వివరణలో చేరుస్తాను.

పాలమూరు రైతుబిడ్డ

కొలుచు వేళఁ దాత కొలతలో నొకటిని
లాభమనుచుఁ బిలిచె లచ్చిఁ దలఁచి
ఆరు నొకటి యనుచు నా యేడు దాటించె
తప్పు లెక్క చూడ నొప్పు లెక్క

నియమం కొంచెం దాటానేమో, మన్నించండి. వడ్లు కొలిచేటప్పుడు మా తాత ‘ఒకటి’ అనేవాడు కాదు. ‘లాభం’ అనేవాడు, తర్వాత రెండు, మూడు. ఏడు దగ్గర ‘ఆరున్నొకటి’. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని, కళ్లంలో ఆ మాట రాకూడదని. పక్కన నిలబడి వింటే లెక్క తప్పినట్టే ఉంటుంది. గింజ మాత్రం తేడా వచ్చేది కాదు. చివరికి కొసరు వేసేవాడు, దాన్ని లెక్కలో పట్టేవాడు కాదు.

నిర్వాహకుడు

నియమం సంగతి పక్కన పెడుతున్నాను. ‘ఆ యేడు దాటించె’ అన్న చోట ఆగిపోయాను. గండం దాటించినట్టు అంకెను దాటించడం! ఈ వారం వచ్చిన అన్నిటిలో నాకు నచ్చిన పాదం ఇదే.

ఒక చిన్న సవరణ. ‘దాటించెన్’ ద్రుతాంతం (నకారంతో ముగిసే మాట) కనుక దాని మీది ‘తప్పు’లోని త సరళమై, అంటే ద అయి, ‘దాటించెఁ / దప్పు లెక్క’ అవుతుంది. డాలస్ తెలుగు గారు అలాగే రాశారు, చూడండి. ఉన్నది ప్రాసయతి కనుక ‘తప్పు’ ‘దప్పు’ అయినా యతికి భంగం లేదు.

కొత్త విద్యార్థి

నమస్కారం. నా మొదటి పూరణ.

ఆశ పడిన దొకటి యందె వేఱొక్కటి
మేలు కలిగెనయ్య చాల నాకు
తలఁచు దానికన్నఁ దనివి తీరెను గానఁ
దప్పు లెక్క చూడ నొప్పు లెక్క

‘మిస్‌కౌంట్’కు ఫ్రెంచిలో ఉన్న చుట్టం ‘మెకోంత్’. దానికి లెక్క పొరపాటుతో పాటు ఆశాభంగం అనే అర్థం కూడా ఉంది. మనం ‘నా లెక్క తప్పింది’ అన్నప్పుడు అంకెల గురించి కాకుండా అనుకున్నది జరగలేదని ఎలా చెబుతామో, అలాగే. ఇంజనీరింగు సీటు వస్తుందని ర్యాంకు లెక్క వేసుకున్నాను. తప్పింది. డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. లేకపోతే ఈ పద్యం రాసేవాణ్ణి కాదు.

లంకవాసి

తమ్ముడూ, రెండో పాదంలో యతి చూసుకో. ‘మే’కు ‘చా’తో మైత్రి లేదు.

నిర్వాహకుడు

లంకవాసి గారూ, ఉంది. మేలు – చాల: రెండో అక్షరం రెండు చోట్లా లకారమే, ముందున్నవి రెండూ దీర్ఘాలే. ప్రాసయతి చక్కగా కుదిరింది. ఆటవెలదిలో చెల్లుతుంది, సమస్య పాదమే అందుకు సాక్ష్యం.

లంకవాసి

అవును, నేనే తొందరపడ్డాను. మన్నించు తమ్ముడూ. మొదటి పద్యంలోనే ప్రాసయతి వేశావు, సంతోషం.

డాలస్ తెలుగు

‘రీకౌంట్’ మాట వచ్చింది కనుక ఒక్క సంగతి. 2000 అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడా ఓట్ల తేడా చివరికి 537గా తేలింది. సుప్రీంకోర్టు తీర్పుతో ఆ మళ్లీ లెక్కింపు సగంలో ఆగింది. లెక్క ఆగిపోయింది గాని, ఆ కథను ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నారు.

గోదారిగట్టు

నిర్వాహకుల సూచనతో మొదటి పాదం మార్చాను. గలదు గకారం అలాగే ఉంది, ‘ఎంచగలదు’ అనే భ్రమ పోయింది. చూడండి:

కథకు లెక్కకైనఁ గలదొక్క మాటయే
ఫ్రెంచి వారి నోటఁ బెరిగెనద్ది
లెక్క తప్పెనేని లెస్సయౌఁ గథ కదా
తప్పు లెక్క చూడ నొప్పు లెక్క

నిర్వాహకుడు

ఇప్పుడు నిర్దుష్టంగా ఉంది.